పాఠకుల ప్రశ్నలు: యూరిక్ యాసిడ్ పెరిగితే గుండెకు ముప్పా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరవై దాటినవారివి, కాకుంటే వారి పిల్లలవి. రక్తపరీక్ష కాగితంలోని ఒకే ఒక్క వరుస వారందరినీ కలవరపెట్టినట్టుంది. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, యూరిక్ యాసిడ్ గురించి వచ్చిన వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 71. పదిహేనేళ్లుగా బీపీ ఉంది. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటాను. ఈ మధ్య చేయించుకున్న పరీక్షల్లో యూరిక్ యాసిడ్ 7.9 వచ్చింది. కీళ్లనొప్పులు ఎప్పుడూ లేవు. క్రియాటినిన్ 1.3, అది మామూలేనని కాగితంలో ఉంది. యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే గుండెపోటు వస్తుందని చదివిన దగ్గర్నుంచి నిద్ర పట్టడం లేదు. గుండె కోసం దాన్ని తగ్గించే మాత్ర మొదలుపెట్టమంటారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: వద్దు. గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో పేరుకుని వచ్చే వాపు, నొప్పి) ఎన్నడూ రానివారు, మూత్రపిండాల్లో యూరిక్ యాసిడ్ రాళ్లు లేనివారు కేవలం గుండెను కాపాడుకోవడానికని ఆ మాత్ర వేసుకుంటే మేలు జరుగుతుందనడానికి ఇప్పటివరకూ గట్టి ఆధారం లేదు. కానీ మీరు పంపిన కాగితంలో పట్టించుకోవలసిన అంకె మరొకటి ఉంది. దాని సంగతికి చివర్లో వస్తాను.

మన ఒంట్లో కణాలు నిత్యం పుడుతూ, నశిస్తూ ఉంటాయి. నశించిన కణాల్లోని జన్యుపదార్థం విడిపోయినప్పుడు ప్యూరిన్లు బయటపడతాయి, అవి విరిగి విరిగి చివరకు యూరిక్ యాసిడ్‌గా మిగులుతాయి. రోజూ తయారయ్యే దానిలో దాదాపు మూడింట రెండు వంతులు ఇలా మన సొంత కణాల నుంచి వచ్చేదే, తిండి వాటా మిగిలిన ఒక వంతు. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా తేలికగా కరిగే పదార్థంగా మార్చే యూరికేజ్ అనే ఎంజైము ఉంటుంది. మన పూర్వీకులలో ఆ జన్యువు కోటి సంవత్సరాలకు పైబడిన కాలం కిందటే పనిచేయడం మానేసింది కనుక, మన రక్తంలో యూరిక్ యాసిడ్ ఇతర జంతువులలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. అది బయటికి పోయే దారులు రెండే. మూడింట రెండు వంతులు మూత్రంలో పోతుంది, మిగిలింది పేగుల గుండా పోతుంది. వయసు పైబడినప్పుడు ఈ అంకె పెరగడానికి ముఖ్య కారణం ఒంట్లో ఎక్కువ తయారుకావడం కాదు, మూత్రపిండాల వడపోత మందగించి బయటికి పోయేది తగ్గడమే. తూము పూడిన చెరువులో నీటిమట్టం పెరిగినట్టన్న మాట. నీళ్లను కడవలతో తోడి పోసినంత మాత్రాన తూము బాగుపడదు.

గుండెతో దీనికి సంబంధం ఉందన్న అనుమానం ఇప్పటిది కాదు. 1776లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త మూత్రంలోని రాయి నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశాడు. ఆ తర్వాత నూరేళ్లకు, 1870ల్లోనే, ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ అనే వైద్యుడు రక్తపోటుకు దీనికి లంకె ఉండవచ్చని రాశాడు. ఆ అనుమానానికి హేతువు లేకపోలేదు. యూరిక్ యాసిడ్‌ను తయారుచేసే జాంథిన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము అదే పనిలో రక్తనాళాల లోపొరకు హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలను కూడా విడుదల చేస్తుంది. జనాభా సర్వేల్లో చూసినా యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం ఎక్కువగా కనబడ్డాయి. ఇక్కడిదాకా మీరు చదివినదాంట్లో అబద్ధం లేదు.

తేడా అంతా కలిసి కనబడటానికి, కారణం కావడానికి మధ్య ఉంది. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న పెద్దవారిలో బీపీ, స్థూలకాయం, మధుమేహం, మూత్రపిండాల బలహీనత కూడా ఎక్కువ, వాటిలో ప్రతి ఒక్కటీ గుండెకు సొంతంగానే ముప్పు తెస్తుంది. అమెరికాలో గుండెజబ్బుల మీద సాగిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలోని 6,763 మంది వివరాలను 1999లో పరిశీలించినప్పుడు, ఈ అంశాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత యూరిక్ యాసిడ్‌కు గుండెజబ్బుతో విడిగా సంబంధం మిగల్లేదు. ముఖ్యంగా ఒంట్లో నీరు తీసే మాత్రల వాడకాన్ని లెక్కించగానే ఆ సంబంధం కరిగిపోయింది. పుట్టుకతోనే యూరిక్ యాసిడ్‌ను పెంచే జన్యువులున్నవారిని పరిశీలిస్తే వారిలో గౌట్ స్పష్టంగా ఎక్కువ. యూరిక్ యాసిడ్డే గుండెజబ్బుకు మూలమైతే ఆ జబ్బు కూడా అంత స్పష్టంగానే పెరగాలి కదా, అది కనబడలేదు.

వీటన్నిటికన్నా నేరుగా మీ ప్రశ్నకే జవాబు చెప్పేది ఆల్-హార్ట్ అనే పరీక్ష. గుండెకు రక్తం సరిగా అందని జబ్బు ఉండి గౌట్ లేని, అరవై దాటిన 5,721 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు చికిత్సకు తోడుగా రోజుకు 600 మిల్లీగ్రాముల వరకు, యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ అనే మందు ఇచ్చి, సగటున ఐదేళ్లకు కాస్త తక్కువగా గమనించారు. 2022లో వెలువడిన ఫలితం ప్రకారం గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం, వీటిలో ఏదో ఒకటి ఎదురైనవారు మాత్ర వేసుకున్న జట్టులో 11.0 శాతం, వేసుకోని జట్టులో 11.3 శాతం. అంటే తేడా లేనట్టే. ఆ పరీక్ష జరుగుతున్న రోజుల్లో నేను కూడా కొంత మేలు కనబడుతుందనే ఆశించాను. కనబడలేదు. మూత్రపిండాల క్షీణతను ఈ మందు ఆపుతుందేమోనని చేసిన రెండు పరీక్షలు 2020లో వచ్చాయి. వాటిలోనూ యూరిక్ యాసిడ్ తగ్గింది కానీ క్షీణత వేగం తగ్గలేదు. కొత్తగా బీపీ వచ్చిన 30 మంది కౌమార వయస్కుల్లో ఈ మందు బీపీని తగ్గించిందని 2008లో వచ్చిన చిన్న పరీక్షను మీకు ఎవరైనా చూపించవచ్చు. రక్తనాళాలు ఏనాడో బిరుసెక్కిన డెబ్బై ఏళ్లవారికి ఆ ఫలితాన్ని అంటగట్టడం సరికాదు.

ఇక మీ బీపీ మాత్ర గురించి. అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీరు తీసే మందు, అది యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, మీ 7.9లో దాని వాటా తప్పకుండా ఉంది. అంతమాత్రాన దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. ఇదే కుటుంబానికి చెందిన క్లోర్‌థాలిడోన్‌తో అరవై దాటిన 4,736 మందిపై జరిగి 1991లో ఫలితాలు వెలువడిన పరీక్షలో పక్షవాతం 36 శాతం తగ్గింది. యూరిక్ యాసిడ్‌ను పెంచే మందే పక్షవాతాన్ని తగ్గించిందంటే ఆ అంకెకు మనం ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించండి. అయితే అవే వివరాలను తర్వాత మరోసారి తరచి చూసినప్పుడు, ఆ మందుతో యూరిక్ యాసిడ్ బాగా పెరిగినవారిలో గుండెపోటు విషయంలో లాభం తగ్గినట్టు కనబడింది. కనుక చర్చ పూర్తిగా ముగిసిందని నేను అనను. మీ డాక్టరుతో మాట్లాడినప్పుడు టెల్మిసార్టాన్ బదులు లోసార్టాన్ పనికొస్తుందేమో అడగవచ్చు, ఎందుకంటే టెల్మిసార్టాన్ కుటుంబంలో యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గించే గుణం దానికి ప్రత్యేకం. కానీ బీపీ ఇప్పుడున్న మాత్రతో అదుపులో ఉంటే, అంకె కోసం దాన్ని కదిలించకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

చివరగా ఆ రెండో అంకె. మీ కాగితంలో 7.9ని బొద్దుగా అచ్చువేసి పక్కన పైకి చూపే బాణం గుర్తు పెట్టారు కనుక మీ కన్ను అక్కడే ఆగిపోయింది. దానికి కొద్ది వరుసల పైన మామూలు అక్షరాల్లో, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ 1.3 ఉంది. ప్రయోగశాల హద్దుల ప్రకారం అది మామూలే. కానీ 71 ఏళ్ల పురుషుడిలో ఆ క్రియాటినిన్‌కు మూత్రపిండాల వడపోత వేగం (నిమిషానికి మిల్లీలీటర్లలో) లెక్కకడితే 59 దగ్గర వస్తుంది. అది 60కి దిగువన మూడు నెలలకు మించి నిలిచి ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుగా పరిగణిస్తారు, ఆ జబ్బు గుండెకు నిజమైన ముప్పు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు కనుక మూడు నెలల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేయించుకుని, దానితో పాటు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను పోతోందేమో చూపించుకోండి. కొలెస్ట్రాల్, మధుమేహం పరీక్షలు ఏడాదిగా చేయించుకోకుంటే అవి కూడా.

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. నాలుగు నెలల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. గుండె బలహీనంగా ఉందని ఫ్యూరోసెమైడ్, ఆస్పిరిన్ వాడుతున్నారు. ఈ రెండు నెలల్లో రెండుసార్లు రాత్రివేళ కాలి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. నొప్పి ఉన్న రోజున చేసిన పరీక్షలో యూరిక్ యాసిడ్ 6.4. గౌట్ అని చెప్పి డాక్టరుగారు ఫెబుక్సోస్టాట్ రాశారు. అది గుండెకు ప్రమాదమని తెలిసినవారొకరు అన్నారు. ఆస్పిరిన్ ఆపేస్తే సరిపోతుందా? (గృహిణి)

జవాబు: మీ అత్తగారి సంగతి పై ప్రశ్న వేసిన వారిలాంటిది కాదు. ఆవిడకు జబ్బు ఉంది, దానికి చికిత్స కావాలి. ముందుగా 6.4 చూసి గౌట్ కాదేమోనని అనుకోవద్దు. నొప్పి తిరగబెట్టిన రోజుల్లో యూరిక్ యాసిడ్ తాత్కాలికంగా తగ్గి కనబడటం తరచు జరిగేదే కనుక, వాపు తగ్గిన రెండు వారాల తర్వాత మళ్లీ చూడాలి.

ఫెబుక్సోస్టాట్ కూడా అల్లోప్యూరినాల్ లాగే యూరిక్ యాసిడ్‌ను తగ్గించే మందు. దాని మీద వచ్చిన అనుమానానికి మూలం 2018 నాటి కేర్స్ పరీక్ష. గౌట్‌తో పాటు గుండె, రక్తనాళాల జబ్బున్న 6,190 మందిలో కొందరికి ఫెబుక్సోస్టాట్, కొందరికి అల్లోప్యూరినాల్ ఇచ్చారు. గుండెజబ్బు సంబంధ మరణాలు మొదటి జట్టులో 4.3 శాతం, రెండో జట్టులో 3.2 శాతం. దానితో 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు పెట్టె మీద కఠినమైన హెచ్చరిక చేర్పించింది. ఆ పరీక్షలో సగానికి పైగా రోగులు మధ్యలోనే మందు మానేశారు కనుక ఫలితాన్ని ఎంత నమ్మాలన్న ప్రశ్న వచ్చింది. 2020లో వెలువడిన ఫాస్ట్ అనే మరో పరీక్షలో అరవై దాటిన 6,128 మందిలో ఫెబుక్సోస్టాట్ వల్ల మరణాలు పెరగలేదు. ఇది చదివి ఊరట పొందే ముందు ఒక్క విషయం గమనించండి: గత ఆరు నెలల్లో గుండెపోటు వచ్చినవారిని, గుండె వైఫల్యం తీవ్రంగా ఉన్నవారిని ఆ పరీక్షలో చేర్చుకోనే లేదు. మీ అత్తగారు సరిగ్గా ఆ గడువులో ఉన్నారు. కనుక అల్లోప్యూరినాల్‌తో మొదలుపెట్టే వీలుందా అని మీ డాక్టరుగారిని అడగడం సమంజసమే. ఆవిడకు అది పడదని ముందే తెలిసి ఆయన ఫెబుక్సోస్టాట్ ఎంచుకుని ఉండవచ్చు, అడిగితే చెబుతారు.

అల్లోప్యూరినాల్ మొదలుపెడితే తక్కువ మోతాదుతోనే, అంటే రోజుకు 100 మిల్లీగ్రాములు, మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి, యూరిక్ యాసిడ్ 6 కన్నా దిగువకు వచ్చేదాకా మెల్లగా పెంచుతారు. మొదటి కొన్ని వారాల్లో ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, నోటిలో పుండ్లు కనబడితే మరుసటి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇది అరుదే అయినా ప్రాణాంతకం కావచ్చు. రోగనిరోధక శక్తిని అణచే అజథయోప్రిన్ అనే మందు వాడేవారికి దీన్ని కలిపి ఇవ్వడం ప్రమాదకరం. మందు పనిచేయడం మొదలుపెట్టాక కీళ్లలో పేరుకున్న స్ఫటికాలు కదిలి మొదటి నెలల్లో నొప్పి ఇంకా ఎక్కువసార్లు రావచ్చు. మందు పడలేదని చాలామంది మానేసేది అప్పుడే. ఆ కాలం గడవడానికి గౌట్ వాపును అణచే కోల్చిసిన్ అనే మందును కొద్ది మోతాదులో తోడుగా ఇస్తారు, దానికి మూత్రపిండాల స్థితిని, వాడుతున్న ఇతర మందులను చూసుకోవాలి. నొప్పి వచ్చిందని దుకాణంలో దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మాత్రం ఆవిడకు ఇవ్వవద్దు. బలహీనమైన గుండె ఉన్నవారిలో అవి ఒంట్లో నీరు చేరుస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కలిగించవచ్చు.

ఆస్పిరిన్ తక్కువ మోతాదులో యూరిక్ యాసిడ్‌ను కాస్త పెంచుతుందన్నది నిజమే. కానీ స్టెంట్ వేసిన నాలుగు నెలలకు దాన్ని ఆపడమంటే ఎలుకకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమే అవుతుంది. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ విషయమూ అంతే. మందు ఏదైనా ఆపడం గుండె డాక్టరు చేతిలో ఉండాలి.

గౌట్‌ను వేలినొప్పిగా మాత్రమే చూడకూడదని నేను పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. ఇంగ్లండులో 62,574 మంది గౌట్ రోగుల వైద్య వివరాలతో 2022లో వచ్చిన అధ్యయనంలో, గుండెపోటు లేదా పక్షవాతం వచ్చినవారిలో అంతకు ముందరి అరవై రోజుల్లో గౌట్ తిరగబెట్టిన అవకాశం, అవి రానివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నట్టు తేలింది. కీలులో రేగిన వాపు ప్రక్రియ ఒళ్లంతా పాకి రక్తనాళాల్లోని కొవ్వు గడ్డలను కదిలిస్తుందేమోనన్నది ఊహ. అందుచేత వేలు నొప్పి తగ్గిన తర్వాతి రెండు నెలల్లో ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసం పెరిగినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

ప్రశ్న: నా వయసు 63. పదిహేనేళ్ల కిందట నా యూరిక్ యాసిడ్ 4.1 ఉండేది. ఇప్పుడు 5.8. ఇలా పెరగడం గుండెజబ్బుకు సూచనా? (ఒక పాఠకురాలు)

జవాబు: కాదు. ఈస్ట్రోజెన్ హార్మోను యూరిక్ యాసిడ్ మూత్రంలో ఎక్కువగా పోయేలా చేస్తుంది. ముట్లుడిగిన తర్వాత ఆ సాయం తగ్గి, స్త్రీలలో అంకె మెల్లగా పురుషుల స్థాయికి చేరువవుతుంది. శరీర ఉష్ణోగ్రత వద్ద రక్తంలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలుగా మారే హద్దు 6.8 దగ్గర ఉంటుంది, మీరు దానికి చాలా దిగువన ఉన్నారు. ముట్లుడిగాక స్త్రీలలో గుండెజబ్బు ముప్పు పెరగడం వాస్తవమే, దానికి చూసుకోవలసినవి బీపీ, కొలెస్ట్రాల్, చక్కెర.

ప్రశ్న: మా నాన్నగారు యూరిక్ యాసిడ్ 7.2 ఉందని పప్పులు, ఆకుకూరలు, పాలు అన్నీ మానేశారు. రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతున్నారు. మూడు నెలల్లో ఐదు కిలోలు తగ్గారు. వయసు 76. ఇది మంచిదేనా? (ఒక కుమార్తె)

జవాబు: పథ్యం పేరుతో పెద్దవారు తమకు తాము చేసుకునే హాని ఎంత ఉంటుందో మీ ఉత్తరం చూపిస్తోంది. వారు మానేసినవాటిలో మానవలసినది ఒక్కటి కూడా లేదు. సుమారు 47,000 మంది పురుషులను పన్నెండేళ్లు గమనించి 2004లో ప్రకటించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు ఎక్కువగా తినేవారిలో గౌట్ పెరిగింది. ప్యూరిన్లు ఎక్కువని పేరుపడ్డ పప్పుధాన్యాలు, కూరగాయల వల్ల పెరగలేదు. పాల పదార్థాలు తీసుకునేవారిలో తగ్గింది కూడా. నిజంగా తగ్గించుకోవలసినవి మద్యం, అందులోనూ బీరు, ఆ తర్వాత ఫ్రక్టోజ్ కలిపిన తీపి పానీయాలు. ఫ్రక్టోజ్‌ను కాలేయం వాడుకునే తీరులోనే యూరిక్ యాసిడ్ పుడుతుంది కనుక ప్యూరిన్లు లేని పానీయం కూడా దాన్ని పెంచుతుంది.

ఎంత కఠినమైన పథ్యం చేసినా అంకె సాధారణంగా ఒకటికి (అంటే డెసిలీటరు రక్తంలో ఒక మిల్లీగ్రాముకు) మించి తగ్గదు. 76 ఏళ్ల వయసులో మూడు నెలల్లో ఐదు కిలోలు పోయాయంటే అందులో కండ కూడా పోయి ఉంటుంది, దాని వల్ల పడిపోవడం, ఎముక విరగడం వంటివి ముంచుకొస్తాయి. వారికి వెంటనే పప్పులు, పాలు తిరిగి మొదలుపెట్టించండి. బరువు అలా తగ్గడానికి పథ్యం కాక మరో కారణం లేదని డాక్టరు చేత కూడా చూపించండి. నాలుగు లీటర్ల నీళ్లు యూరిక్ యాసిడ్‌కు మందు కాదు. గుండె వైఫల్యం ఉన్నవారిలో ఆయాసం తెప్పిస్తుంది, నీరు తీసే మాత్రలు వాడే పెద్దవారిలో రక్తంలో సోడియం పడిపోయి మగతకు, తికమకకు దారితీస్తుంది. దాహాన్ని బట్టి, డాక్టరు హద్దు పెట్టి ఉంటే ఆ హద్దును బట్టి తాగితే చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి 82. తొమ్మిదేళ్లుగా అల్లోప్యూరినాల్ వేసుకుంటున్నారు. ఎందుకు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. గుండెకని వాడుతున్నారనుకుంటున్నాం. ఆపేయవచ్చా? (ఒక కుమారుడు)

జవాబు: ఎందుకు మొదలైందో తెలియకుండా కొనసాగించడం ఎంత తప్పో, ఆపడమూ అంతే తప్పు. కొన్నాళ్ల కిందట ఇదే ప్రశ్నతో ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చింది. సంచిలోని మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిపించాను. మొత్తం పదకొండు, అందులో రెండు ఒకే మందు వేరు పేర్లతో. అల్లోప్యూరినాల్ ఎందుకో పెద్దాయనకు గుర్తులేదు, కొడుకుకు తెలియదు. ఆయన భార్య మాత్రం పక్కనుంచి, "అప్పట్లో మూడు నెలలకోసారి కాలు వాచి మంచం దిగేవారు కాదు కదండీ" అంది. ఎనిమిదేళ్లుగా ఆ వాపు రాలేదంటే ఆ మాత్ర చేసిన పని అదే. దాన్ని ఉంచి, రెండుసార్లు పడుతున్న మందును తీసేశాం.

మీరు కూడా ముందు మీ అమ్మగారిని అడగండి. పాత చీటీల్లో గౌట్ అని గానీ, మూత్రంలో రాళ్లని గానీ, క్యాన్సర్ చికిత్స అని గానీ ఉందేమో వెతకండి. బొటనవేలి మొదట్లో, మోచేతి వెనుక, చెవి అంచున సుద్దముక్కలాంటి గట్టి గడ్డలున్నాయేమో చూడండి. ఆ గడ్డలుంటే ఆ మాత్ర జీవితాంతం అవసరం. ఇవేవీ లేక, ఎప్పుడో ఒకసారి అంకె ఎక్కువ వచ్చిందన్న ఒక్క కారణంతో మొదలైందని తేలితే, ఆపే విషయం డాక్టరుతో మాట్లాడండి. ఆపిన కొన్ని వారాలకు యూరిక్ యాసిడ్ మళ్లీ పెరగడం ఖాయం. ఆ కాగితం చూసి కంగారుపడి మరో చోట అదే మాత్ర రాయించుకోకుండా, ఎందుకు ఆపారో ఒక చీటీ మీద రాయించి నాన్నగారి మందుల పెట్టెలో పెట్టండి.